ఒకే ఒక్క ప్లేటు మిగిలిన పాట: కింగ్ ఆలివర్ 1923 రికార్డింగులు

జెనెట్ అనే రికార్డు కంపెనీ వేసిన 5275 నంబరు గ్రామఫోన్ ప్లేటు. ఒకవైపు 'జులూస్ బాల్', ఇంకోవైపు 'వర్కింగ్ మ్యాన్ బ్లూస్'. 1923 అక్టోబర్ 5న అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలో రిచ్‌మండ్ అనే ఊళ్ళో కింగ్ ఆలివర్ జాజ్ బ్యాండు రికార్డ్ చేసింది. అప్పట్లో అమ్మకానికి వచ్చిన మామూలు ప్లేటే, ఇప్పుడు మాత్రం ప్రపంచం మొత్తమ్మీద దాని కాపీ తెలిసి ఒకే ఒక్కటి ఉంది. రెండోవైపు పాటని అదే బ్యాండు అదే నెలలో ఓకే అనే వేరే కంపెనీకి కూడా వాయించింది కాబట్టి ఈ ప్లేటు పోయినా ఆ పాట పూర్తిగా పోయేది కాదు, 'జులూస్ బాల్' సంగతి అలా కాదు, అది ఇంకెక్కడా లేదు. ఆ ఒక్క ప్లేటు ఎవరి చేతిలోంచి జారి పగిలినా, పాత సామాన్లతో పాటు తూకానికి వెళ్ళిపోయినా ఆ పాట పేరు కంపెనీ లెడ్జర్లో ఒక లైనుగా మిగిలేది, అంతే.

ఆ బ్యాండు నాయకుడు జో ఆలివర్, జనం పిలిచిన పేరు కింగ్ ఆలివర్. న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన కార్నెట్ వాద్యకారుడు. కార్నెట్ అంటే ట్రంపెట్‌కి తమ్ముడు లాంటిది, కాస్త పొట్టిగా, స్వరం కాస్త మెత్తగా ఉంటుంది, ఆలివర్ తర్వాతి రోజుల్లో ట్రంపెట్ కూడా పట్టుకున్నాడు. పుట్టిన సంవత్సరం 1881 అని కొందరు, 1885 అని కొందరు అంటారు, ఏదైనా 1923 నాటికి నలభైకి అటూ ఇటూ ఉన్న మనిషి. జాజ్ గురించి ఏమీ తెలియనివాళ్ళకి కూడా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు తెలుసు కదా, ఆ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి గురువు ఈయన. న్యూ ఆర్లీన్స్‌లో కుర్రాడిగా ఉన్నప్పుడు ఆలివర్ ఇంటి పనులు చేసిపెట్టేవాడు, బదులుగా పాఠాలు దొరికేవి, ఆలివర్ భార్య అన్నం పెట్టేది, ఆలివర్ తన పాత కార్నెట్ ఒకటి ఇచ్చేశాడు. చివరిదాకా ఆర్మ్‌స్ట్రాంగ్ ఆయన్ని 'పాపా జో' అనే పిలిచాడు.

ఇక్కడే ఒక ఇబ్బంది కూడా ఉంది. ఆలివర్ రికార్డులు వినేవాళ్ళలో ఎక్కువమంది అందులో ఆర్మ్‌స్ట్రాంగ్ ఎక్కడున్నాడా అని వెతుక్కుంటూ వింటారు, శిష్యుడి మొదటి రికార్డులు కాబట్టి. గురువుని గురువుగా గుర్తుపెట్టుకుని వాద్యకారుడిగా మర్చిపోయారు. అందులో వినేవాళ్ళ తప్పు కొంతే, అసలు కారణం ఆ ప్లేట్లు తయారైన పద్ధతిలో, అవి మిగిలిన స్థితిలో, తర్వాత వాటిని మళ్ళీ వినిపించిన తీరులో ఉంది.

1922 నాటికి ఆలివర్ షికాగోలో లింకన్ గార్డెన్స్ అనే డాన్స్ హాల్లో క్రియోల్ జాజ్ బ్యాండు నడుపుతున్నాడు. ఆ వేసవిలో న్యూ ఆర్లీన్స్‌కి కబురు పంపి ఆర్మ్‌స్ట్రాంగ్‌ని రెండో కార్నెట్‌గా పిలిపించుకున్నాడు. క్లారినెట్ జానీ డాడ్స్, ట్రాంబోన్ ఆనరే డ్యూట్రే, పియానో లిల్ హార్డిన్, డ్రమ్స్ జానీ తమ్ముడు బేబీ డాడ్స్, బాస్ బిల్ జాన్సన్. రెండు కార్నెట్లు ఎందుకు అంటే, మన సన్నాయి మేళం విన్నవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, పెద్దాయన పాట నడిపిస్తుంటే పక్క సన్నాయి ఆయన ఊపిరి తీసుకునే చోట అందుకుని, ఆయన ఎటు తిరిగితే అటు తిరుగుతుంది కదా, ఇక్కడా దాదాపు అదే. మొత్తం బ్యాండు ఆగిపోయిన రెండు బార్ల ఖాళీలో, అంటే రెండు చిన్న తాళావర్తనాలంత ఖాళీలో, దాన్ని బ్రేక్ అంటారు, ఇద్దరు కార్నెట్ వాద్యకారులూ ముందే రాసుకున్నట్టు జంటగా ఒక ముక్క వాయించేవాళ్ళు. అదెలా కుదురుతోందో వినడానికొచ్చిన సంగీతకారులకి అంతు చిక్కేది కాదు. అసలు కిటుకు ఏంటంటే పాట జరుగుతుండగానే ఆలివర్ తర్వాతి బ్రేక్‌లో ఏం రాబోతోందో కవాటాల మీద వేళ్ళు కదిపి చూపించేవాడు, పక్కనున్న శిష్యుడు అది చూసి దానికి సరిపోయే రెండో వరస అప్పటికప్పుడు సిద్ధం చేసుకునేవాడు.

ఒక్కో పాట డాన్స్ చేసేవాళ్ళ ఉత్సాహాన్ని బట్టి పావుగంటైనా అరగంటైనా సాగేదని విన్నవాళ్ళు చెప్పారు. ప్లేటు మీద పట్టేది మూడు నిమిషాలు.

1923 ఏప్రిల్ 5న బ్యాండు మొత్తం రిచ్‌మండ్ చేరింది. జెనెట్ అనేది స్టార్ పియానో కంపెనీ వాళ్ళ రికార్డుల విభాగం, స్టూడియో ఆ పియానో ఫ్యాక్టరీ ఆవరణలోనే రైలు పట్టాల పక్కన ఉండేది, రైలు వెళ్తే రికార్డింగు ఆపి అది దాటేదాకా కూర్చోవాలి. మైకుతో రికార్డింగు ఇంకా రాలేదు, అది 1925లో వచ్చింది. అప్పటిదాకా ఒక పెద్ద గొట్టం ముందు నిలబడి వాయించడమే, ఆ గాలి కదలికే సన్నటి కొస దగ్గర సూదిని కదిపి మెత్తటి మైనం మీద గాడి గీసేది. నల్లజాతి వాద్యకారులకి ఆ ఊళ్ళో, ఆ రాష్ట్రంలో అప్పుడు పరిస్థితి ఎలా ఉండేదో చెప్పడానికి ఒక్క విషయం చాలు, 1920ల్లో ఇండియానాలో తెల్లజాతి ఆధిపత్యం కోరే కూ క్లక్స్ క్లాన్ సంస్థ బలం చాలా ఎక్కువ, అదే జెనెట్ ఫ్యాక్టరీ డబ్బిచ్చిన క్లాన్ వాళ్ళకి కూడా ప్రచార రికార్డులు అచ్చేసి ఇచ్చింది. ఆలివర్ బ్యాండు సంగీతం భద్రపడిందీ ఆ యంత్రాల మీదే.

గొట్టం అన్నిటినీ సమానంగా వినదు. లోతైన శబ్దాలు దానికి సరిగ్గా అందవు, గట్టి దెబ్బ పడితే సూది గాడి తప్పుతుంది, అందుకని బేబీ డాడ్స్‌ని పెద్ద డ్రమ్ము వాయించనివ్వలేదు, చెక్క దిమ్మల మీద టకటకమని కొట్టాడు, బాస్ వాయించే బిల్ జాన్సన్ బాంజో పట్టుకున్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ శబ్దం ఎంత బలంగా ఉండేదంటే ఆయన్ని మిగతావాళ్ళకి పన్నెండు పదిహేను అడుగులు వెనక్కి మూలకి పంపించారని, అక్కడ ఒంటరిగా బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడని లిల్ హార్డిన్ తర్వాత గుర్తుచేసుకుంది. ఈ కథ అందరూ చెప్తారు, ఎందుకంటే అందులో ఆర్మ్‌స్ట్రాంగ్ గొప్పతనం ఉంది. కానీ ఆ కథకి రెండో సగం కూడా ఉంది. బ్యాండుకి ఆయువుపట్టు అయిన అడుగు లయ, అంటే బాస్, పెద్ద డ్రమ్ము, ఈ రెండూ లేకుండా మిగిలిన దాన్నే ఇప్పుడు 'ఆలివర్ బ్యాండు' అని వింటున్నారు. మేళంలో డోలు తీసేసి సన్నాయి ఒక్కటే వినిపించి ఇదే మేళం అని చెప్తే ఎలా ఉంటుంది? ఆలివర్ బ్యాండు లయలో బిగువు తక్కువని రాసిన విమర్శకులు, తాము వింటున్నది లయలో సగం కోసేసిన సంగీతం అని కూడా ఆ పక్కనే రాసి ఉండాల్సింది.

ఆ ఏడాది బ్యాండు జెనెట్‌కి, ఓకేకి, కొలంబియాకి, పారమౌంట్‌కి వాయించింది, ఇప్పటికి దొరికినవి అన్నీ కలిపి 37 రికార్డింగులు, అంటే ప్లేటుకి ఒక్కో వైపు లెక్కన 37 వైపులు. దొరకడం, మాయమవడం వెనక కథ ఏంటో తెలియాలంటే ముందు ప్లేటు దేంతో చేస్తారో చూడాలి. లక్క, రాతిపొడి, మసి. ఆ లక్క ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్ళేది, తూర్పు రాష్ట్రాల అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగులు కట్టిన లక్క. ఏటికొప్పాక బొమ్మల మీద మెరుపు దేనివల్ల వస్తుందో ఆ సరుకే షికాగోలో బ్లూస్ అయ్యింది. రాతిపొడి ఎందుకు కలిపేవాళ్ళంటే గ్రామఫోన్ స్టీలు ముల్లు గాడికి సరిపోయేలా అరగడానికి, కానీ ముల్లు అరుగుతూ అరుగుతూ గాడిని కూడా అరగదీసేది. దీని ఫలితం కాస్త బాధ కలిగించే విషయం: జనం ప్రాణంగా ప్రేమించి రోజూ వేసుకున్న ప్లేట్లు గరగరమనే ఇసుక శబ్దంగా మారిపోయాయి, శుభ్రంగా మిగిలినవి ఎవరూ పెద్దగా వేసుకోనివి.

కాపీలు అరిగిపోయినా ఫ్యాక్టరీలో లోహపు అచ్చులు ఉంటే మళ్ళీ కొత్తగా తియ్యొచ్చు. కానీ 1929 తర్వాత మాంద్యంలో చిన్న రికార్డు కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, అచ్చులు చాలావరకు పాత లోహం కింద పోయాయి. పారమౌంట్ అచ్చుల్ని పనివాళ్ళు పక్కనున్న నదిలోకి విసిరేశారని ఒక కథ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, ఆ నదిలో మునిగి వెతికినవాళ్ళకి ఏమీ దొరకలేదు. ఆ పైన రెండో ప్రపంచయుద్ధం. మన లక్క ఓడలు అమెరికా చేరడం కష్టమయ్యేసరికి 1942లో అక్కడి ప్రభుత్వం రికార్డులకి వాడే లక్కని బాగా కోసేసింది, పాత ప్లేట్లు తెచ్చి ఇవ్వండి కరిగించి కొత్తవి చేస్తాం అని ఇంటింటికీ తిరిగి పోగేశారు. అటకల మీద ఇరవయ్యేళ్ళు క్షేమంగా పడున్నవి ఎన్ని అలా కరిగిపోయి పాప్ పాటలయ్యాయో లెక్క ఎవరి దగ్గరా లేదు.

వీటన్నిటి మధ్య మిగిలినవి మిగిలాయంటే అది కలెక్టర్ల వల్లే. 1930ల నుంచి కొంతమంది పాత సామాన్ల కొట్లు, నల్లజాతి వాడలు, ఇంటింటి గుమ్మాలు తిరిగి 'పాత ప్లేట్లు ఏమైనా ఉన్నాయా అమ్మా' అని అడిగి కొన్నారు. 1936లో ఫ్రాన్సులో షార్ల్ డెలోనే జాజ్ రికార్డుల జాబితా పుస్తకం వేశాక ఏ నంబరు ప్లేటు కోసం వెతకాలో తెలిసింది, జాబితా లేకపోతే ఏది తప్పిపోయిందో కూడా తెలియదు కదా, ఒక నంబరు పేరుకి ఉండి ప్లేటు చేతికి దొరకలేదంటేనే అది పోయిందని తెలిసేది. ఇలా పోగైన ప్లేట్లు అద్దాల అలమరాల్లో ఉండిపోలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో లూ వాటర్స్ 1940 ప్రాంతంలో యెర్బా బ్యూనా బ్యాండు పెట్టి ఆలివర్ రెండు కార్నెట్ల పద్ధతిని ఆ ప్లేట్లు విని విని తిరిగి కట్టాడు, లండన్ పక్కన జార్జ్ వెబ్ బృందం యుద్ధకాలంలో అదే పని చేసింది. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు యూరప్ అంతా నడిచిన ట్రెడిషనల్ జాజ్ ఊపు ఈ అరిగిపోయిన ప్లేట్ల దగ్గర మొదలైంది. గురువు లేడు, ప్లేటే గురువు. అందులో ఒక ప్రమాదం కూడా ఉంది, ప్లేటు మీద డ్రమ్ము లేకపోతే శిష్యులు డ్రమ్ము లేకుండానే నేర్చుకుంటారు. గొట్టం వినలేకపోయిన దాన్ని ఆ పద్ధతి లక్షణం అనుకుని, చెక్క దిమ్మలు, బాంజో మోతతో అలాగే వాయించిన బ్యాండ్లు చాలానే ఉన్నాయి.

ప్లేటు దొరికితే పని అయిపోయినట్టు కాదు, సగం పని అక్కడే మొదలవుతుంది. 78 స్పీడు, అంటే నిమిషానికి 78 చుట్లు, అని అందరూ అంటారు గానీ గొట్టం రోజుల్లో కచ్చితంగా 78 తిరిగిన యంత్రం తక్కువ, డెబ్బైల మొదట్నుంచి ఎనభై పైదాకా ఎక్కడైనా ఉండొచ్చు. 78 చుట్లకీ 82న్నర చుట్లకీ తేడా ఎంత అంటే హార్మోనియం మీద ఒకటి శ్రుతి ఒకటిన్నర అయిపోయేంత. పాట నడక కూడా అంత మేరకి పరుగు అందుకుంటుంది. దశాబ్దాల పాటు ఎల్పీల మీద తప్పు స్పీడులో ఎక్కించిన ఆలివర్ పాటలు విన్నవాళ్ళకి ఈ బ్యాండు ఏదో కంగారుగా, కీచుగా వాయించినట్టు అనిపించేది. సరైన స్పీడు కనుక్కోవడానికి దారి వాద్యాల్లోనే ఉంది: కార్నెట్, క్లారినెట్ వాయించేవాళ్ళు బి ఫ్లాట్, ఈ ఫ్లాట్, ఎఫ్ లాంటి శ్రుతుల్లో హాయిగా ఉంటారు, ప్లేటు తిప్పినప్పుడు పాట ఆ శ్రుతుల్లో దేనికీ చెందకుండా మధ్యలో ఎక్కడో వేలాడుతుంటే స్పీడు తప్పన్నమాట. క్లారినెట్ వేళ్ళకి ఏ ముక్క ఏ శ్రుతిలో సాధ్యం, ఏది దాదాపు అసాధ్యం అనేది తెలిసినవాళ్ళు కూర్చుని చూడాల్సిన పని, కంప్యూటర్ ఒక్కటే చెయ్యలేదు.

తర్వాత ముల్లు. పాత స్టీలు ముల్లు గాడిలో ఒక ఎత్తున అరగదీసి ఉంటుంది, దానికంటే కొంచెం వెడల్పు ముల్లో సన్న ముల్లో వేస్తే గాడి గోడ మీద అరగని చోట ఆనుతుంది, అక్కడ 1923 నాటి శబ్దం ఇంకా కాస్త తాజాగా ఉంటుంది. రంధ్రం సరిగ్గా మధ్యలో లేకపోతే శ్రుతి ఊగుతుంది, దాన్ని మధ్యకి జరపాలి. ఒక కాపీలో మొదలు బాగుంటే ఇంకో కాపీలో చివర బాగుంటుంది, రెంటినీ కలపాలి. ఒకే కాపీ ఉన్న 5275కి ఆ వీలు లేదు, ఉన్నదాంట్లోంచే రాబట్టాలి. అన్నిటికంటే కష్టం ఎక్కడ ఆపాలో తెలియడం, గరగర మొత్తం తీసెయ్యాలని చూస్తే కార్నెట్ అంచు, తాళం పలుకు కూడా దాంతోపాటు పోతాయి, మిగిలేది దుప్పటి కప్పి వాయించినట్టుండే శబ్దం. 2006లో ఆర్కియోఫోన్ అనే చిన్న రికార్డు కంపెనీ ఆ 37 రికార్డింగుల్నీ ఈ పద్ధతిలో మళ్ళీ తీసి రెండు సీడీలుగా వేసింది, డగ్ బెన్సన్ శబ్దం పని చేశాడు, డేవిడ్ సేగర్ వ్యాసం రాశాడు. ఏళ్ళ తరబడి ఇవే పాటలు విన్నవాళ్ళు అప్పుడు మొదటిసారి విన్నట్టు ఫీలయ్యారంటే అందులో అతిశయోక్తి ఏం లేదు. రెండో ట్రాంబోన్ ఉందా అనిపించే చోట నిజానికి ఎవరు ఏం వాయిస్తున్నారో విడివిడిగా తెలుస్తుంది. అదే కంపెనీ తర్వాత 'సెంటెనియల్' పేరుతో ఇంకా పెద్ద సెట్టు తెచ్చింది, 2025 గ్రామీల్లో బెస్ట్ హిస్టారికల్ ఆల్బమ్ అవార్డు దానికే వచ్చింది.

అలా తేటపడ్డాక ఆలివర్ ఎలా వినిపిస్తాడు? 'డిప్పర్‌మౌత్ బ్లూస్' వింటే చాలు. ఏప్రిల్ 6న జెనెట్‌కి ఒకసారి, జూన్‌లో ఓకేకి ఒకసారి వాయించారు. ప్లంజర్ మ్యూట్ అంటే సింకు అడ్డుపడినప్పుడు వాడే రబ్బరు కప్పు, దాన్ని కార్నెట్ నోటి ముందు మూస్తూ తెరుస్తూ ఆలివర్ ఒంటరిగా మూడు చుట్లు, అంటే పాట వరస మొత్తాన్ని మూడుసార్లు, వాయిస్తాడు, మనిషి గొంతు మూలిగినట్టు, బతిమాలినట్టు, కసురుకున్నట్టు. స్వరాలు మూడో నాలుగో, అంతకంటే ఎక్కువ వాడడు. ఒక్కో స్వరాన్ని ఎలా వంచుతాడు, ఎక్కడ ఆలస్యంగా వదులుతాడు అనేదాంట్లోనే మొత్తం పాట ఉంది. రెండు రికార్డింగుల్లో ఈ సోలో దాదాపు ఒకేలా ఉంటుంది, జాజ్ అంటే అప్పటికప్పుడు పుట్టేది అనుకునేవాళ్ళకి ఇది ఆశ్చర్యం, ఆలివర్ మాత్రం బాగా కుదిరిన దాన్ని కీర్తనలో సంగతిలా నిలబెట్టుకుని ప్రతిసారీ దానికి ప్రాణం పోసేవాడు. తర్వాతి తరం ట్రంపెట్ వాద్యకారులు ఆ మూడు చుట్లని పాఠంలా నేర్చుకున్నారు. షికాగోలో ఆయన్ని విన్న బబర్ మైలీ ఆ మ్యూట్ గొంతుని డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండులోకి తీసుకెళ్ళాడు, ఎలింగ్టన్ తొలి రోజుల శబ్దానికి అదే గుర్తు అయ్యింది. మధ్యలో 'ఓ, ప్లే దట్ థింగ్' అని బిల్ జాన్సన్ అరుస్తాడు, బేబీ డాడ్స్ అక్కడ వాయించాల్సిన తన ముక్క మర్చిపోతే ఆ ఖాళీ కనపడకుండా జాన్సన్ అరిచాడట, డాడ్సే తర్వాత చెప్పాడు. తర్వాత అదే పాటలో భాగం అయిపోయింది.

ఏప్రిల్ 5, 6 తేదీల రికార్డింగుల్లోనే 'చైమ్స్ బ్లూస్'లో ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి రికార్డెడ్ సోలో ఉంది, చరిత్ర పుస్తకాలు ఆగేది అక్కడే. ఆ సోలో మీద ఎన్ని పేజీలు రాసినా తప్పు లేదు, కానీ ఆ కుర్రాడికి ఆ చోటు ఇచ్చి, మిగతా సమయం ఏడుగురినీ ఎవరి దారిలో వాళ్ళు నడుస్తూనే ఒకరి మీద ఒకరు పడకుండా నడిపించినవాడు పెద్దాయన. తేటగా వినపడే కాపీలో చూస్తే ఆలివర్ ఎంత తక్కువ వాయించాడో తెలుస్తుంది. పాట వెన్నెముక పట్టుకుని ఉంటాడు, క్లారినెట్‌కి పైన చోటు వదులుతాడు, ట్రాంబోన్‌కి కింద. ఇది చేతకాకపోవడం వల్ల కాదు. బ్యాండు నడపడం అంటే ఏంటో తెలిసినవాడి పద్ధతి అది, గరగర మాటున, తప్పు స్పీడులో, డ్రమ్ము లేని రికార్డులో అది వినపడకపోవడం వల్లే ఆయన్ని ఆర్మ్‌స్ట్రాంగ్‌కి మెట్టుగా మాత్రమే చూశారు.

1924 నాటికి బ్యాండు చెదిరిపోయింది. తర్వాత ఆలివర్ డిక్సీ సింకోపేటర్స్ అనే ఇంకో బ్యాండు పెట్టాడు, మైకు రికార్డింగులూ చేశాడు, 1927లో న్యూయార్కులో కాటన్ క్లబ్ అనే నైట్‌క్లబ్బులో ఉద్యోగం వస్తే డబ్బు చాలదని వద్దన్నాడు, ఆ చోటు ఎలింగ్టన్‌కి వెళ్ళింది. చిగుళ్ళ జబ్బుతో పళ్ళు పోయాయి, ఊదే వాద్యానికి పళ్ళు పోవడం అంటే చేతులు పోవడమే. బ్యాంకు కూలి దాచుకున్న డబ్బు పోయింది. చివరికి జార్జియాలో సవానా ఊళ్ళో బిలియర్డ్స్ హాలు ఊడ్చే పని చేస్తూ 1938 ఏప్రిల్లో చనిపోయాడు. అంతకుముందు ఏడాది ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ ఊరికి వచ్చినప్పుడు గురువు రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముతూ కనిపించాడు, జేబులో ఉన్న డబ్బు ఇచ్చేశాడు. ఆ చివరి నెలల్లో ఆలివర్ తన సోదరికి రాసిన ఉత్తరాలు 1939లో అచ్చయ్యాయి, డబ్బు కూడబెట్టి న్యూయార్కు తిరిగి రావాలని రాశాడు. ఆయన ప్లేట్ల కోసం కలెక్టర్లు గుమ్మాలు తిరగడం మొదలైంది కూడా ఆ సంవత్సరాల్లోనే, ఆయన బతికుండగానే.

2024 జనవరి 1 నుంచి 1923 నాటి రికార్డింగులు అమెరికాలో కాపీరైట్ లేకుండా అందరివీ అయ్యాయి, ఎవరైనా వినొచ్చు, ఎక్కించొచ్చు. వినేటప్పుడు పాత ప్లేటు నుంచి ఎవరు ట్రాన్స్‌ఫర్ చేశారో చూసుకుని వింటే మంచిది, యూట్యూబులో తప్పు స్పీడువి ఇప్పటికీ చాలా ఉన్నాయి. 'జులూస్ బాల్' కూడా ఆ ఒక్క ప్లేటు నుంచి తీసిందే, కాస్త గరగరతో వినిపిస్తుంది. అదే అక్టోబర్ 5న ఆ స్టూడియోలో బ్యాండు ఇంకొన్ని పాటలు కూడా వాయించింది, వాటిలో కొన్నిటిని జెనెట్ వాళ్ళు విడుదల చెయ్యలేదు, వాటి టెస్ట్ ప్లేటు కూడా ఇప్పటిదాకా ఎక్కడా బయటపడలేదు.